కుందన ఒళ్ళు చేసింది

ఆషాఢం, సోమవారం. పోటు. నీళ్ళు అరుగు అంచు దాకా.

రిటైరైన తెలుగు టీచర్ని కాబట్టి చేతిరాత గుండ్రంగా ఉంటుందని, మా రేవులో నీటిమట్టం రాసే పని నాకు అంటగట్టారు. మట్టం రాయడానికి ఒక్క వరస చాలు. మిగతా పేజీ అంతా ఖాళీ. ఖాళీ కాగితం చూస్తే నాకు చేతులు ఊరుకోవు. అందుకని ఇంటి సంగతులు కూడా రాస్తున్నాను. పైవాళ్ళు మట్టం వరకు చదువుకుని మిగతాది వదిలేయవచ్చు. వదలరని నాకు తెలుసు.

పొద్దున్నే ఇంటి స్తంభాలకు పట్టిన నత్తలు గీకాను. నడుం పట్టేసింది. లోపలికి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి నిండా పారుతున్నాయి. పొయ్యి ముందే నిలబడి కూడా చూడలేదు మా వదిన. "వదినా, నాకు ఒళ్ళు మండిపోతోంది" అన్నాను. సాయంత్రం పడవలో చల్లటి కలబంద లేపనం సీసా వచ్చింది.

దీని కథ చెప్పాలి. మా ఇంట్లో ఇద్దరు వదినలున్నారు. ఒకరు మా అన్నయ్య భార్య అచ్యుతాంబ. అన్నయ్య పోయాక కూడా నేనూ ఆవిడా కలిసే ఉంటున్నాం, రోజూ పోట్లాడుకుంటూ సుఖంగా. రెండో వదిన హాల్లో గోడకున్న నిలువుటద్దం. బట్టల కంపెనీ వాళ్ళు దానికి పెట్టిన పేరే వదిన. బజారు మునిగిపోయాక రవిక కావాలన్నా లంగా కావాలన్నా దాని ముందు నిలబడాల్సిందే. ఒంటి కొలత తీసుకుంటుంది, మన మాటలు వింటుంది, మనకేం కావాలో మనకంటే ముందు తనే తేల్చుకుని పంపించేస్తుంది. ఎవరైనా "వదినా" అంటే చాలు, మేలుకుంటుంది. నలభై ఏళ్ళుగా వదినా వదినా అని అరుస్తున్న నోరు నాది. ఇక దానికి నిద్రెక్కడిది?

పైగా దానికి తెలుగు వచ్చు గానీ తెలుగువాళ్ళు రారు. ఎదురింటి పిల్ల పని చేయకుండా ఒళ్ళు దాచుకుంటోందని నేను ఆడిపోసుకుంటే, ఆ పిల్లకు మెడ నుంచి మడమల దాకా కప్పే అంగీ పంపింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడవే అని దాన్నే తిట్టాను ఒకసారి. ఎంత దగ్గర పెట్టుకోమంటారని మర్యాదగా అడిగింది.

ఆషాఢం, శుక్రవారం. పాటు. బురద బయటపడింది.

ఇవాళ మట్టం కంటే పెద్ద విషయం ఉంది. మా వదిన కూతురు కుందన, నా మేనకోడలు, నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి నెల తప్పిందని చెప్పింది. నేను దాన్ని గట్టిగా కావలించుకున్నాను. అది ఏడ్చింది. సంతోషానికే అనుకున్నాను, సగం మాత్రమే అదని తర్వాత తెలిసింది.

ఈ ఏడాది కంపెనీ కొలత మా కుందనదే. ఏటా ఒక అమ్మాయిని ఎంచుకుని, ఆ అమ్మాయి ఒంటి కొలతకే రాష్ట్రమంతటికీ బట్టలు నేస్తారు. ఆ గుడ్డ మనకు తగ్గట్టు సాగదు, మనమే గుడ్డకు తగ్గట్టు ముడుచుకోవాలి. కట్టుకున్న కొన్నాళ్ళకు ఒళ్ళు ఆ ఆకారానికే అలవాటు పడుతుంది. ఇప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళంతా మా కుందన నడుములో ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నారు, నేనూ వదినా కూడా. కుందన రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి కొలత ఇవ్వాలి. ఆ కొలత మారకూడదని ఒప్పందం. ఒకవేళ కడుపొస్తే, ఐదో నెల నిండేలోపు బిడ్డను తీసి తొట్టిలో పెట్టాలి. తొట్టి అంటే కంపెనీ ఆసుపత్రిలో బిడ్డను పెంచే గాజు గర్భం. ఐదు నిండితే ఇక మార్చడం కుదరదు. దీనికి కుందన సంతకం పెట్టింది. అప్పటికి దానికి పెళ్ళి ఆలోచన కూడా లేదు.

మా వదిన తొట్టికే ఓటేసింది. కుందన పుట్టినప్పుడు ఆవిడ రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. ఆ నరకం నా కూతురికి వద్దు అంది. ఆవిడను తప్పుపట్టలేను, ఆ రెండు రోజులూ మంచం పక్కన కూర్చున్నది నేనే. పక్కింటావిడ పిల్లలిద్దరూ తొట్టిలో పెరిగినవాళ్ళే, రాయిలా ఉన్నారు, రోజూ మా జామచెట్టు ఖాళీ చేస్తారు.

కుందన అన్నీ విని, నెమ్మదిగా అంది.

"తొట్టిలో పెట్టాలని నాకనిపిస్తే పెట్టుకుంటానమ్మా. వాళ్ళ రవికలు చెడిపోతాయని మాత్రం పెట్టను."

వదిన లేచి వంటింట్లోకి వెళ్ళి, పిల్లకు పులుపు తినబుద్ధి అవుతుందని మామిడికాయ ముక్క ఉప్పుకారం అద్ది తెచ్చింది. మా ఇంట్లో తీర్పులు ఇలాగే ఉంటాయి.

శ్రావణం, మంగళవారం. పోటు. వాన.

అద్దానికి తెలియకుండా ఉండాలంటే ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఒట్టు ఒక్క పూట కూడా నిలవలేదు. కుందన మొగుడు భాస్కరం పూడిక తీసే పడవ మీద పనిచేస్తాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. అతను గడప దాటగానే మా వదిన ఆనందం పట్టలేక, హాల్లో, అద్దం ఎదురుగా, "బాబూ, మా పిల్ల నీళ్ళోసుకుంది" అనేసింది.

మర్నాడు కుందన పేరు మీద సబ్బులు వచ్చాయి, ఒక తువ్వాలు కూడా. నీళ్ళోసుకోవడమంటే స్నానమే అనుకుంది పిచ్చిముండ.

మేం ముగ్గురం తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాం. అప్పుడు నాకు తోచింది. మా అమ్మలూ అమ్మమ్మలూ మగవాళ్ళ ముందు, పిల్లల ముందు, అత్తల ముందు తమ ఒంటి సంగతులు చెప్పుకోవడానికి ఎన్ని చాటుమాటలు చేసుకున్నారు! నెల తప్పడం, నీళ్ళోసుకోవడం, ఒట్టి మనిషి కాకపోవడం. సిగ్గుపడి అలా అన్నారని క్లాసులో పిల్లలకు చెప్పేదాన్ని. సిగ్గొక్కటే కాదు, అది తాళంచెవి కూడా. ఆ రోజు నుంచి అద్దం ఎదుటే దర్జాగా మాట్లాడుకుంటున్నాం. కుందన ఒట్టి మనిషి కాదంటే, ఆవిడ చాలా గొప్ప మనిషి అని అద్దం కూడా ఒప్పుకుంది.

శ్రావణం, ఆదివారం. పాటు.

ఆదివారాలు మా రేవు పాకలో ఆడవాళ్ళం కూర్చుని చదువుకుంటాం. చదివేది నేను, వలలు అల్లుతూ, బియ్యంలో రాళ్ళేరుతూ వినేది వాళ్ళు. ఇవాళ పాతకాలపు రచయిత్రుల కథలు చదివాను. ఒక కథలో ఆవిడ తన ఒళ్ళు తనదేనని మొగుడితో పోరాడుతుంది, ఇంకో కథలో అత్తతో. విని విని, చేపలమ్మే వరహాలు అడిగింది, మరి మనం ఎవరితో పోరాడాలండి, తిట్టేవాళ్ళే లేరు కదా అని.

మంచి ప్రశ్న. ఆ కథల్లో ఆడదాని ఒంటి మీద పెత్తనం చేసేవాళ్ళు గుడ్లురిమేవాళ్ళు. ఇది గుడ్లురమదు. వరస కలుపుతుంది. నీ మంచికే కదా అంటుంది, ఇవాళ ముఖం వాడింది ఏమిటని అడుగుతుంది. దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా మొహమాటంగా ఉంటుంది.

కావ్యాల్లో నాయిక నడుము ఉందో లేదో అని కవులు సందేహపడేవారని కూడా చెప్పాను. నాకు నడుముందని నత్తలు గీకిన రోజు బాగా తెలుస్తుందండీ అంది వరహాలు. పాకంతా గొల్లుమంది. నవ్వడానికి కూడా ఊపిరి చాలక ఇద్దరు రవిక హుక్కులు విప్పుకున్నారు.

భాద్రపదం, బుధవారం. పోటు. ఎండ.

నోరా, వీపుకు చేటు తేకే అని ఎవరో నా కోసమే అన్నారు.

నాలుగో నెల వచ్చేసింది. కొలత ఇచ్చేటప్పుడు కుందన పొట్ట లోపలికి పీల్చుకుంటోంది. గుడ్డ బిగించి కడదామంటే వదిన కసిరింది. వారం నుంచి అద్దం నడుము దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగుతోంది. మాకు పైప్రాణాలు పైనే పోతున్నాయి. ఐదు నిండడానికి ఇంకా బోలెడు రోజులున్నాయి.

ఇవాళ వానలు తెరిపిచ్చాయని, మెత్తబడ్డ గుమ్మడి వడియాలు అరుగు మీద ఎండబోశాను. కాకి వచ్చి వాలింది. "వదినా, ఆ కాకిని తోలు!" అని అరిచాను. అసలు వదిన పెరటి మెట్ల మీద ఉంది. అద్దం వదిన మేలుకుంది. మేలుకుని, కుందన నడుము మారింది, ఏమైందమ్మా అని నన్నడిగింది. ఒక పక్క కాకి వడియం ఎత్తుకుపోతోంది.

"ఒళ్ళు చేసిందిలే, నీకేం నొప్పి?" అన్నాను.

"కుందన కొత్తగా ఒళ్ళు చేసిందా?"

"చేసింది. చేయకూడదా?"

"చాలా బాగా చేసింది. అందరికీ పంపించనా?"

"పంపుకో. ఊరంతా చాటించుకో. ముందు నా ప్రాణం తీయకు" అన్నాను. కాకిని తోలి, మిగిలిన వడియాలు సర్దుకుంటుండగా నేనేం చేశానో నాకు తట్టింది. పిల్ల లావైందని దానికి నా నోటితోనే చెప్పాను. రేపో మాపో ఆసుపత్రి పడవ వస్తుంది.

వదినకు చెబితే తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుందన నా పక్కన కూర్చుని, పడవ వస్తే మేడ మీద నుంచి దూకి ఈదుకుంటూ పోదాం అత్తా, నీకు ఈత వచ్చుగా అంది. నన్ను నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు. అన్నం సయించలేదు.

భాద్రపదం, సోమవారం. పోటు. నీళ్ళు గడప తడిపాయి.

పడవ వచ్చింది. ఆసుపత్రి పడవ కాదు, బట్టల పడవ. రేవులో ప్రతి ఇంటికీ ఒక పొట్లం. మాకు మూడు.

విప్పితే రవికా, లంగా, పై కట్టూ. మామూలుగానే ఉన్నాయనుకున్నాను. తొడుక్కున్నాక, ఇన్నాళ్ళకు మొదటిసారి కడుపు నిండా ఊపిరి పీల్చాను. నడుము దగ్గర బిగింపు లేదు. పొట్ట దగ్గర గుడ్డ గుండ్రంగా ముందుకు వచ్చింది, ఒక చిన్న దోసకాయ పట్టేంత. వదిన తనది తొడుక్కుని నన్ను చూసింది, నేను వదినను చూశాను. ఇద్దరం నాలుగో నెల మనుషుల్లా ఉన్నాం.

అప్పుడు నాకు అర్థమైంది. ఒళ్ళు చేయడమంటే లావెక్కడమని దానికి తెలియదు. వంట చేయడం, కుండ చేయడం లాగే ఒళ్ళు చేయడం కూడా అనుకుంది. కుందన తయారుచేసిన కొత్త నమూనా అనుకుని, పాతది పక్కన పడేసి, దీన్ని రాష్ట్రమంతా పంపేసింది.

సాయంత్రం వరహాలు తెడ్డు వేసుకుంటూ వచ్చింది. మీ అమ్మాయికి దణ్ణవండీ, ఈ పొద్దు తెడ్డు దించకుండా అన్ని వీధులూ తిరిగానండి, ఆయాసం రాలేదండి ఆయ్ అంది. దాని వెనక పడవల్లో ఎదురింటి పిల్ల, పక్కింటావిడ, అందరూ ఒకే పొట్టతో. ముసలివాళ్ళు, చదువుకునే పిల్లలు, పెళ్ళికానివాళ్ళు. అందరి మధ్యా మా కుందన నిలబడితే, ఏది పొట్టో ఏది గుడ్డో కన్నతల్లికి కూడా తెలియలేదు.

ఆశ్వయుజం, గురువారం. పాటు.

ఐదు నిండడానికి ఇంకా వారం ఉందనగా కంపెనీ కొలతల అధికారి వచ్చింది. పేరు సౌదామిని. నలభై దాటి ఉంటుంది. పడవ దిగుతుంటేనే చూశాను, తనూ కుందన పొట్టే కట్టుకుంది.

ఆవిడ హాల్లోకి వచ్చే సమయానికి మా వదిన కూతురిని పీట మీద కూర్చోబెట్టి, ఐదో నెల ఆచారమని ఒళ్ళో చలిమిడి పెడుతోంది. దాచే వ్యవధి లేకపోయింది. అద్దానికి చలిమిడి అంటే బియ్యప్పిండీ బెల్లమూ. సౌదామిని మాత్రం తెలుగింటి పిల్ల. గుమ్మంలోనే ఆగిపోయింది.

మా వదిన చాలా తెలివైన మనిషి, బయటపడదు. చలిమిడి పెడుతూనే, "అత్తారింటికి పంపుతున్నామండి, అందుకని చలిమిడి" అంది. అదీ నిజమైన ఆనవాయితీయే. అబద్ధం చెప్పినా ఆచారం తప్పలేదు.

సౌదామిని అద్దాన్ని కొలత అడిగింది. నమూనాకూ మనిషికీ నూలుపోగంత తేడా లేదని చెప్పింది అద్దం. తేడా ఎలా ఉంటుంది, నమూనా ఈ మనిషే కదా. ఆవిడ రాసుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కుందన ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ప్రయాణం ఇంకా ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అని అడిగింది.

కుందన తల ఎత్తి ఆవిడ కళ్ళలోకి చూసింది. "నాలుగు నెలలండి."

"అయితే ఇక మధ్యలో దించడం కుదరదు."

"దిగనండి."

వారం తక్కువన్న సంగతి నాకు తెలుసు. సౌదామినికీ తెలుసని నా అనుమానం. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టలేదు. నాక్కాస్త చలిమిడి పెట్టండి అని వదిన ముందు చెయ్యి చాపింది. తింటూ, తన కూతురు తొట్టిలోనే పెరిగిందని చెప్పింది. తనే కావాలని పెట్టించుకుందట, ఆ పిల్లంటే ప్రాణమట, ఏ విచారమూ లేదట.

"కానీ నన్ను అడిగారండి" అంది.

వెళ్ళేటప్పుడు వదిన ఆవిడకు ఆకులో ఇంకో ముద్ద కట్టి ఇచ్చింది. పడవ మలుపు తిరిగేదాకా మేం ముగ్గురం అరుగు మీదే నిలబడ్డాం. తర్వాత మా వదిన నా భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా భోరున ఏడ్చింది. నలభై ఏళ్ళలో ఆవిడ నా ముందు ఏడవడం ఇది రెండోసారి. నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో ఇక్కడే రాసేస్తున్నాను, ఎదురుగా చెబితే నెత్తికెక్కుతుంది.

మార్గశిరం, శనివారం. పోటు.

కంపెనీ వాళ్ళు మహా ఘటికులు. కుందన ఒళ్ళు నెలనెలా పెరుగుతుంటే నెలనెలా కొత్త నమూనా అని అమ్ముకుంటున్నారు. పొట్ట మీద పువ్వులు కుట్టినవి వచ్చాయి. నడుము సన్నంగా ఉన్నవాళ్ళు పొట్టలో పెట్టుకోవడానికి దిండ్లు కూడా వచ్చాయి. మొన్నటిదాకా పొట్ట ఉందని ఏడ్చిన పిల్లలు ఇప్పుడు లేదని ఏడుస్తున్నారు. వరహాలు ఆ ఖాళీలో వక్కాకు సంచీ పెట్టుకుంటోంది, అదొక్కటే నాకు నచ్చింది.

ఆదివారం పాకలో ఎదురింటి పిల్ల దిండు పెట్టుకుని వస్తే, తీసి అవతల పడేయించాను. నీకున్నది నీకుంది, లేనిది లేదు, కూర్చో అన్నాను. కూర్చుంది. వల అల్లుతూ, ఉన్నది మాత్రమే ఉంటే ఇంత తేలిగ్గా ఉంటుందా అంది. అవును మరి అన్నాను. ఇంటికొచ్చి, వదినా, ఈ దిండ్ల వాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతోంది అన్నాను. మళ్ళీ కలబంద లేపనం వచ్చింది. ఇప్పటికి అటక నిండింది.

మాఘం, ఆదివారం. పాటు. నీళ్ళు ఎక్కడున్నాయో చూడలేదు.

క్షమించాలి, మట్టం చూడలేదు. ఆడపిల్ల. తెల్లవారుజామున పుట్టింది. కుందన కేకలకు రేవంతా లేచి కూర్చుంది. మా వదిన భయపడినంత కష్టం కాలేదు, నేను అనుకున్నంత సుళువూ కాలేదు. తల్లీ పిల్లా క్షేమం. పిల్ల నల్లగా, ముడతలు పడి, ఎండబోసిన వడియంలా ఉంది. ఇంత అందమైన ముఖం నేనెన్నడూ చూడలేదు.

మాఘం, తర్వాతి బుధవారం. పోటు. అరుగు అంచు దాకా.

కుందన ఒప్పందం మాఘంతో సరి. ఇవాళ ఆఖరి కొలత. పథ్యపు అన్నం తిని, చెవుల్లో దూదితో, తలకు గుడ్డ కట్టుకుని, పాత చీరలో వెళ్ళి అద్దం ముందు నిలబడింది. పొట్ట ముడతలు ముడతలుగా వదులుగా జారి ఉంది. లోపలికి పీల్చుకోలేదు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చి, ఆవలిస్తూ వెళ్ళి పడుకుంది.

నేను పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, పిల్లకు నూనె రాస్తున్నాను. గంగాళంలో నీళ్ళు కాగుతున్నాయి. "వదినా, చన్నీళ్ళు పోసి తొలిపావా?" అని పిలిచాను. అసలు వదిన పలకలేదు, అద్దం పలికింది, నన్ను పేరు పెట్టి. దాని గొంతులో ఏదో కంగారుంది. లేక నాకే అలా వినబడిందో.

"తాయారమ్మా, కుందన అంత ఒళ్ళు చేసింది కదా. ఇవాళ కొలతలో లేదు. ఆ ఒళ్ళు ఎక్కడికి పోయింది?"

జాలేసింది. పాపం, దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు కదా, తొమ్మిది నెలలూ.

"ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా" అన్నాను. "ఇదిగో, నా ఒళ్ళో ఉంది."

అద్దం చాలాసేపు వెతికింది. పిల్ల ఒకసారి ఒళ్ళు విరుచుకుని, నా చీర తడిపింది. కొలత తీసుకోమంటారా అని అడిగింది అద్దం.

అక్కర్లేదన్నాను. ఇది రోజూ పెరుగుతుంది.